తెల్ల రబ్బరు ముక్క

ఐదు ముక్కలు. నెక్కెట్టుకుని ఇప్పుతాను.
గొట్టం మాత్రం తడపకూడదంట,
స్టేషను డూటీకెల్తూ కోడలు మల్లీ సెప్పింది.

ముందు సన్నీల్లు, పాలు అంటుకుపోకండా.
ఆనక సబ్బునీల్లు, దీనికనే కొన్న నీలం బేసిన్లో.
ఆనక మరిగే గిన్నిలోకి.
గుడ్డెట్టి తుడవొద్దు, గాలికే ఆరాల.

కాశీబుగ్గలో ముప్పైయేల్లు జీడిగింజలు కొట్టిన సేతులివి.
రేషను కాడ ఏలిముద్ర మిషను కూడా
నన్ను పోల్చుకోదు.
ముట్టుకునే ముందు ఓపాలి వాసన సూసుకుంటాను.

నిన్న ఆ తెల్ల రబ్బరు ముక్క జారి
తూములోకి పోయింది.
గోరంత ఉండదు,
అది నేకపోతే మిషను గుర్రుమంటాది గానీ
సుక్క రాదు.
తలపిన్నెట్టి ఎతికి తీసినాను,
రెండుసార్లు మరగబెట్టినాను.
డిల్లేస్వరికి సెప్పనేదు.

ఇంకోటీ సెప్పనేదు.
ఈడి బాబు నా పాలు తాగీ రోజుల్లో
మజ్జానానికి రవిక తడిసిపోయీది.
బట్టీ ఎనకాల గోడకేసి పిండేసీదాన్ని,
మేస్త్రీ కేకేసీలోగా.
సీమలు బారుకట్టీవి.

ఈ పూట సీసాలో పోస్తంటే
ఓ సుక్క గట్టుమీద పడ్డాది.
సీమొకటి వొచ్చింది.
గుడ్డ సేతిలోనే ఉంది.
తుడవనేదు.