గేటు ఎత్తే ఉంది

ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ గేటు
దించాను, ఎత్తాను.
ఇనప చక్రం తిప్పితే గొలుసు కిర్రుమనేది,
ఎరుపూ తెలుపూ చారల కర్ర
గొణుక్కుంటూ వంగేది.
ఆరూ పదికి పాలక్యాన్ల బండి,
ఏడున్నరకి బడిపిల్లలు,
రాత్రిళ్లు బొగ్గు, కలప, అప్పుడప్పుడు
ఎవరూ పేరెత్తని సరుకు.

రైలు పోయేది.
నేను ఉండేదాన్ని.

పట్టాలు పీకేసిన ఏడు
మా లుద్విక్ ఒక స్లీపరు దుంగ ఇంటికి ఈడ్చుకొచ్చి
బెంచీ చేశాడు. అతను పోయాడు, బెంచీ ఉంది.
ఎండెక్కితే ఇప్పటికీ తారు చెమర్చి
నా గౌనుకి అంటుకుంటుంది.
ఉతికితే పోదు. ఉతకడం మానేశాను.

ఇప్పుడీ దారిన సైకిళ్లొస్తాయి.
కారుకి ప్రవేశం లేదు, లారీకి లేదు,
మేకలకీ లేదుగానీ వాటికి చదువు రాదు.
బెర్లిన్ నుంచి, వార్సా నుంచి వచ్చినవాళ్లు
గేటు ముందు ఫొటో దిగి అడుగుతారు:
"సరస్సు ఎంత దూరం, అవ్వా?"
"ఏ సరస్సు?" అంటాను.
మా మజూరీలో అడుగు తీసి అడుగేస్తే నీళ్లే.
దేవుడు నిండుకడవ ఎత్తుకుని
ఈ దారినే పరిగెత్తి ఉంటాడు ఒకప్పుడు.
ఊరవేసిన దోసకాయల సీసా ఒకటి అమ్మి
చిల్లర లెక్కపెట్టుకుంటాను.
వాళ్లు వెళ్తారు.

మొన్న మే నెలలో పోస్టు హాల్ష్కా
రిటైరవుతూ తన సైకిలు నా గోడకి ఆనించి పోయింది.
"ఇన్నేళ్లు ఊరి కష్టసుఖాలు మోసింది,
నిన్నొక్కదాన్ని మోయలేదా?"
అరవై ఎనిమిదేళ్ల వయసులో మోకాళ్లు దోక్కున్నాను,
దురదగొండి పొదలో రెండుసార్లు పడ్డాను.
చేతి బ్రేకు లేదు దానికి.
వెనక్కి తొక్కితేనే ఆగుతుంది.
ఆ సంగతి ముందే చెప్పొచ్చుగా హాల్ష్కా!

ఇవాళ పొద్దున పద్నాలుగో కిలోమీటరు రాయి దాటాను.
అది నా రాయి. దాని అవతల పదిహేను ఉంటుందని
లెక్క ప్రకారం తెలుసు, అంతే.

బర్చ్ చెట్ల తెల్ల కాళ్ల మధ్య నుంచి ఎండ
పట్టెలు పట్టెలుగా మీద పడుతోంది.
చక్రాల కింద ఇసక
పిండి జల్లిస్తున్నట్టు చప్పుడు చేస్తోంది.
చేపలకి పొగబెట్టే వాసన ఎక్కణ్నుంచో వచ్చి
నా పక్కనే కాస్త దూరం నడిచి
ఆగిపోయింది.

పదిహేడు దగ్గర నాకో పని ఉంది.
సాయంత్రం బండి డ్రైవరు తెయోఫిల్
అక్కడ రెండు కూతలు వేసేవాడు, రోజూ.
గేటు లేదక్కడ, ఊరు లేదు, సిగ్నలు లేదు.
నాకోసమే అనుకున్నాను కొన్నేళ్లు.
లుద్విక్‌కి సూప్ వడ్డిస్తూ
గరిట ఒక్క క్షణం ఆపేదాన్ని.
తప్పేముంది, కూత వినడంలో.

దారి మలుపు తిరిగింది.
అడవి చటుక్కున అయిపోయింది.
కుడివైపు నీళ్లు. ఎడమవైపు నీళ్లు.
మధ్యలో జానెడు కట్ట మీద నేను, సైకిలు.
జమ్ములోంచి బెగ్గురు పక్షొకటి లేచి
తొందరేం లేనట్టు రెక్కలు విదిల్చింది.
మనిషి లేడు, పశువు లేదు,
కూతపెట్టడానికి కారణం ఒక్కటీ లేదు.

నా బొటనవేలు దానంతటదే
గంట మీదికి పోయింది.
రెండుసార్లు.

ఓహో, తెయోఫిల్.
నాకు కాదన్నమాట.
నవ్వొచ్చింది, కొంచెం ఉడుకుమోత్తనం కూడా.
వెనక్కి తొక్కాను. ఆగాను.
జేబులోంచి దోసకాయ తీసి
నీళ్లకేసి చూస్తూ మొత్తం తినేశాను.

తిరిగొచ్చేసరికి తొడలు ఒకటే మంట.
మా గేటు ఎత్తే ఉంది, తుప్పుతో బిగిసిపోయి.
అయినా దిగాను. అటు చూశాను, ఇటు చూశాను.
వెనక ఎవరో కుర్రాడు కాలు ఆనించి
"ఏమైనా వస్తోందా అవ్వా?" అన్నాడు.
"నువ్వొస్తున్నావుగా," అన్నాను. "పో, పో."