ఎర్రమందు

నెల్లిమర్లలో గోగునార మిల్లు గేటు పక్కన
రేకుల డిస్పెన్సరీ.
బల్ల మీద మూడే సీసాలు.
ఒకటి టించరు, కుక్కలా కరిచేది.
ఒకటి దగ్గుమందు, ఎప్పుడు చూసినా ఖాళీ.
మూడోది ఎర్రమందు.

కంపౌండరు సిమ్మినాయుడు
అగ్గిపుల్లకి దూది చుట్టి ముంచి తీస్తే
చంపావతికి కొత్తనీరు దిగిన రంగు.
"మంటెట్టదొలే గుంటా, కాలు సాపు."
నిజంగానే మంటెట్టేది కాదు.
అందుకే దాన్ని నమ్మేం.

ఆరేక మోకాలి మీద
జోరీగ వీపులా ఆకుపచ్చ మెరుపు.
అది అందరికీ కనపడాలని
బడిలో గౌను కాస్త పైకి లాక్కుని కూర్చునేదాన్ని.

మా అయ్య చేతులకి మాత్రం
ఆ ఎరుపు వారం వారం కొత్తదే.
నారకీ గోరుకీ తేడా తెలీని మిషను.
సి షిఫ్టు దిగొచ్చి అన్నం కలుపుకుంటే
ముద్దకి ఎర్రచారలు.
నెత్తురో మందో
అమ్మ అడగడం మానేసింది.

లాకౌటు పడిన ఏడు
గేటుకి తాళం, డిస్పెన్సరీకీ తాళం.
సిమ్మినాయుడు సీసాని చొక్కాలో దాచి తెచ్చేసేడు.
తెగిన కాళ్లకి, కొట్టుకున్న తలలకి,
ఒకసారి ఎవరిదో ఎద్దు మూపురానికి,
నీళ్లు కలిపీ కలిపీ
ఎరుపు గులాబీ అయ్యేదాకా రాసేడు.

ఆ ఏడే మా అప్ప అసిరి పెళ్లి.
పారాణి కొనలేదు. కొనలేమని ఎవరూ అనలేదు.
ఆయనే వచ్చి సీసా గుమ్మంలో పెట్టి
"నా సదివింపు ఇదే" అని వెళ్లిపోయేడు.
అమ్మ అగ్గిపుల్లతో అప్ప పాదాలకి దిద్దింది.
దిద్దుతూ
అలవాటు కొద్దీ
ఉఫ్ ఉఫ్ మని ఊదింది,
దెబ్బ మీద ఊదినట్టు.

మొన్న విజయనగరం పెద్దాస్పత్రిలో
మోకాళ్ల నొప్పులకి మాత్రలు తీసుకుంటూ
ఎర్రమందు ఉందా అని అడిగేను, ఊరికే.
మందులిచ్చే కుర్రాడు నవ్వేడు.
"అందులో పాదరసం అమ్మా, ఎప్పుడో మానేసేరు."

పాదరసం.
ఆ మాట నా చెవిలో రెండు ముక్కలైంది.
తడి గచ్చు మీద అప్ప నడిచిపోయిన
పది గులాబీ వేళ్లు,
మూడు కడుగుళ్లకి గానీ పోలేదు.

అయ్య చేతులు చివర్లో వణికేవి.
గ్లాసు పట్టుకుంటే నీళ్లే ముందు తెలిసేవి.
అందువల్లేనా బాబూ అన్నాను.
పైపైన పూసిన ఆ కొంచేనికి
అంత వణుకు రాదమ్మా అన్నాడు.

మరి దేనికి?

కుర్రాడు తరవాతి నంబరు పిలిచేడు.