అరగంట

నీలసంద్రలో ఉర్దూ బడి, మూడో తరగతి గది.
బల్ల మీద ఎవరూ తుడవని పన్నెండో ఎక్కం
ఏడో మెట్టు దగ్గర ఆగిపోయి ఉంది,
బడులు మూసిన రోజు నుంచీ.
పిల్లల బెంచీల్లో పెద్దవాళ్ళు,
మోకాళ్ళు గడ్డానికి తగిలేలా.
సూది పడ్డాక అరగంట ఇక్కడే ఉండాలి.
గోడ గడియారం నడవదు. నేనే గడియారం.

సూది వేసేది జయశీల సిస్టర్.
నా పని కూర్చోబెట్టడం, చూడడం, అడగడం:
తల తిరుగుతోందా? దద్దుర్లా? ఊపిరి బాగా ఆడుతోందా?
కన్నడంలో ఒకసారి, తమిళంలో ఒకసారి.
వీధులు ఊడ్చేవాళ్ళు వస్తే మాత్రం మన మాటలో.
మడకశిర, పావగడ, ఆ వైపు ఊళ్ళ వాళ్ళు
పొద్దున ఆరింటికి హాజరు వేయించుకుని
ఊడ్పు ముగించి, కాళ్ళ దుమ్ముతో వచ్చారు.

సుంకులమ్మ జబ్బ మీద దూది అదుముకుంటూ అడిగింది:
"సూదేసుకుంటే సచ్చిపోతారంట గదమ్మా?"
వేయించుకున్నాక అడుగుతున్నావేం అన్నాను.
"వేసుకోకుంటే జీతం లేదనె మేస్త్రి.
అడిగే దానికి సందు యాడ?"
నవ్వింది. ఆ నవ్వు మాస్కు దాటి రాలేదు.

ఏమీ కాదు, భయపడొద్దు.
ఈ మాట నాలుక చివరికి వచ్చింది. మింగేశాను.
చెయ్యి లాగుతుంది అన్నాను.
రాత్రికి చలిజ్వరం రావచ్చు, ఒళ్ళంతా రోకలి పోట్లు,
ఒక రోజు, మహా అయితే రెండు.
లక్షల్లో ఏ ఒక్కరికో అసలు పడకపోవచ్చు,
నెత్తురు గడ్డకట్టొచ్చు, గొంతు బిగుసుకోవచ్చు.
అందుకే ఈ బెంచీ, ఆ ట్రేలో ఆ చిన్న సీసా,
గేటు దగ్గర నిద్రపోతున్న అంబులెన్సు డ్రైవరు.
ఆ ఒక్కరివి నువ్వేనని కాదు.
కావని రాసివ్వలేను.
రోగం మాత్రం లక్షల లెక్క చూడదు,
పోయిన శ్రావణంలో మీ వీధిలోనే చూశావుగా.

బియ్యంలో రాళ్ళేరినట్టు నా మాటలన్నీ ఏరి
ఒక్కటే పక్కన పెట్టింది.
"లచ్చల్లో ఒకరు, సరే.
రేపు జరం వస్తాదని నువ్వే అంటివి.
రేపు నాకు హాజరు ఎవురేస్తారు?"

రిజిస్టరులో గళ్ళున్నాయి:
జ్వరం, వాంతి, దద్దుర్లు, స్పృహ తప్పుట, ఇతరములు.
ఆవిడ అడిగినదానికి గడి లేదు.

ఇంతలో వెనక బెంచీలో ఓబన్న పక్కకి ఒరిగాడు.
పరిగెత్తాం. సిస్టరు కాళ్ళు పైకెత్తింది,
నాడి పట్టింది, కళ్ళు చూసింది, తర్వాత బిస్కెట్లు అడిగింది.
నిన్న సాయంత్రం నుంచి ఏమీ తినలేదట,
పరగడుపున రావాలని ఎవరో చెప్పారట.
టీ తాగి లేచి కూర్చుని సిగ్గుపడ్డాడు.
స్పృహ తప్పుట అని రాసి, కారణం ఆకలి అని రాశాను.
బయట వరసకి ఆ కారణం చేరలేదు,
పడ్డాడన్న మాటే చేరింది.
పదకొండు మంది టోకెన్లు పారేసి వెళ్ళిపోయారు.

సుంకులమ్మ కదల్లేదు.
అరగంట అయిందంటే లేచి, జ్వరం బిళ్ళలు తీసుకుని
గుమ్మం పక్క ఆనించిన చీపురు భుజాన వేసుకుంది,
నొప్పి లేని భుజాన.
మేస్త్రికి ఫోన్ చేశాను. చూద్దాం మేడం అన్నాడు.
ఆ చూద్దాం నాకు తెలుసు.

మర్నాడు తెల్లారి మా వీధి ఊడవలేదు.
కానుగ పూలు రాలినవి రాలినట్టే,
మీద సైకిలు చక్రం గీత ఒకటి.
మొదట, పడుకుందిలే, మంచిదే అనుకున్నాను.
పాలు పొంగేలోపు లక్షల్లో ఒకరు గుర్తొచ్చారు.
నిన్న అంత నిదానంగా చెప్పినదాన్ని
వణికే వేలితో రిజిస్టరులో నెంబరు వెతికాను.

మోగింది. మోగుతూనే ఉంది.
ఆరోసారికి ఎత్తి, బొంగురు గొంతుతో
"జరమేలేమ్మా," అంది,
"సచ్చిపోలే. పండుకోనీ."