ఖాళీ వదిలిన గడి

ఆరు వారాలు పాత పేపర్ల నడుమ అణిగి
పలచబడ్డ రెండు కొమ్మలు
ట్యూబ్‌లైటు కింద, పక్కపక్కన.
కుటుంబం గడిలో రెంటికీ చిక్కుడు వంశమే రాశాను.
ప్రజాతీ ఒకటే.
ఇంటిపేరు కలిసింది,
పేరు దగ్గర విడిపోయాయి.

మూడాకులది ఎర్రచందనం.
ఐదో ఏడో ఉంటే వేగిస.
పూలు చూపి పోల్చుకోమంటే మాత్రం
నా పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం తడబడుతుంది:
అదే పసుపు, అదే నలిగిన రేకు,
తేనెటీగ పట్టించుకోని తేడా.

కాయలూ అంతే. చుట్టూ అప్పడంలా రెక్క, నడుమ గింజ.
మామండూరు నర్సరీలో నాంచారమ్మ
కత్తెరతో ఆ రెక్కలు తీసేస్తా కూర్చోనుంటుంది.
"ఎగరాల్సిందంతా ఎగిరేసింది గదా మేడం,
ఇంక నాననీండి."

వేగిస ఎవురితోనైనా కాపురం చేస్తాదంటుంది ఆమె.
నల్లమల, పడమటి కనుమలు, సింహళం దాకా
కాస్త లోతు మట్టి, కాస్త తడి ఉంటే సరి.
చందనానికి ఈ గుట్టలే కావాలి,
ఈ పలకరాయి,
చెప్పుల్లోంచి కాలే ఈ ఎండ.
వేరే చోట పెట్టినా పెరుగుతాదంట,
చేవకు మాత్రం ఈ ఎరుపు రాదంట.

స్థితి గడి.
చందనం: అంతరించే ప్రమాదంలో.
వేగిస: ముప్పుకు చేరువలో.
చేరువంటే ఎంత దూరమో
ఏ పుస్తకంలోనూ కొలత లేదు.
మా అత్త షుగరుకని వేగిస లోటాలో నీళ్ళు పోసిపెడుతుంది.
తెల్లారేసరికి నీళ్ళలో సన్నటి నీలిమెరుపు.
మూణ్ణెల్లకొకసారి కొత్త లోటా.

గొడ్డలి తగిలితే
రెండూ ఎర్రగానే కారతాయి.

ఇక దొరికిన చోటు.
వేగిసకు చకచకా రాసేశాను:
తలకోన, జలపాతం దారి, వాగుకు కుడిగట్టు,
పెద్ద బండ దాటి నలభై అడుగులు.

చందనం దగ్గర పెన్ను ఆగింది.
మునుపొకసారి ఇట్లాగే
అడుగులతో సహా రాశాను.
మరుసటేడు గింజలకని పోతే
ఆ లెక్క ప్రకారమే
మొద్దు దగ్గరికి చేరుకున్నాను.
ఎవరు చదివారో తెలీదు.
చక్కని దస్తూరీ నాది.

శేషాచలం, అని మాత్రం రాసి మూత పెట్టాను.

కాయల సంచీతో వచ్చిన నాంచారమ్మ
వేలుపెట్టి కూడబలుక్కుంది.
"కొండంతా ఒకటే అడ్రసా మేడం?"
ఆ చెట్టుకు నన్ను తీసకపోయింది తనే.
"మర్చిపోయినా" అన్నాను.
"నేను గూడా" అంది.

తర్వాత బంక గిన్నె నా వైపు జరిపి,
"పూలు పైకి కనపడేట్టు అతికించండి.
దాని పూలు ఎవురూ అడగరు."