వద్దన్నవి పక్కకి

గికొంబా సంతలో
తెల్లారకముందే బేళ్లు కోస్తారు.
ఇనప పట్టీ తెగిన చప్పుడికి
నా మిషను కింద పడుకున్న కుక్క లేచి కూర్చుంటుంది.
ఏ చలిదేశంలోనో ఎవరికో మొహం మొత్తిన చొక్కాలు
ఓడంత దూరం ఊపిరి బిగబట్టి వచ్చి
ఒక్కసారిగా ఉబ్బుతాయి.

మొదటి ఏరివేత కొట్ల వాళ్లది,
రెండోది కాలేజీ పిల్లలది.
ఎండ నడినెత్తికొచ్చి
గుట్టలు సగం కుంగాక
స్యోంబువా వస్తుంది.
వానలో పుట్టిన పిల్లకి మా వైపు పెట్టే పేరు.
లూథులీ వీధిలో రేడియోల కొట్లో లెక్కలు రాస్తుంది.
జీతం వచ్చిన శనివారం, నెలకొక్కటే బట్ట.

మొదట్లో పచ్చటి జాకెట్టు తెచ్చింది,
మెడ చుట్టూ కుచ్చులు,
ఆ ఏడాది నైరోబీలో ఆడపిల్లలందరి మెడలకీ అవే.
నడుము దగ్గర నొక్కి కుట్టాను.
మరుసటి నెల తిరిగొచ్చింది.
"ముసలాయనా, దీన్ని నేను తొడుక్కోవడం లేదు,
ఇదే నన్ను తొడుక్కుంటోంది."
యాభైకి నాకే అమ్మేసింది.
ఎందుకు కొన్నానో నాకే తెలీదు.

తర్వాత గమనించడం మొదలెట్టాను.
అందరూ కావలసింది వెతుకుతూ గుట్ట కెలుకుతారు,
ఈ పిల్ల వద్దన్నవి పక్కకి పెడుతుంది.
మెరిసేది వద్దు.
ఛాతీ మీద రాతలున్నది వద్దు.
జేబు లేనిది అసలే వద్దు.
చేటలో రాళ్లేరినట్టు అంత నిదానం;
అమ్మేవాడు తిట్టుకుంటాడు,
ఆమెకి వినపడదు.

జూలై చలిలో
మగవాళ్ల కోటొకటి మోసుకొచ్చింది.
తడిసిన మట్టి రంగు.
నాలుగు వందల యాభై అన్నదాన్ని
మూడు వందలకి దించింది,
బస్సు డబ్బులు కూడా అందులోనే పోయాయి.
ఆ భుజాల్లో ఇద్దరు స్యోంబువాలు పడతారు.
"భుజాలు తగ్గించేదా?" అన్నాను సుద్దముక్క తీస్తూ.
"వద్దు. చేతులు కొయ్యి.
భుజాలు అలాగే ఉండనీ."
నవ్వుతారే అన్నాను.
ముప్ఫయ్యేళ్లుగా ఇక్కడ
పెద్దవాటిని చిన్నవి చేసి బతికినవాణ్ణి,
చెయ్యొద్దంటే చేతులు ఊరుకోవు.

పగిలిన నా అద్దం ముందు
ఒకసారి ఇటూ, ఒకసారి అటూ తిరిగింది.
"మటాటులో నించుంటే
నా చుట్టూ కాస్త చోటు కావాలి" అంది.
అంతే. ఇంకేం చెప్పలేదు.
నేనూ సుద్దముక్క జేబులో వేసుకున్నాను.

కోటు జేబులు రెండూ చిరిగి ఉన్నాయి.
ఆమె అడగలేదు.
రాత్రి లాంతరు దగ్గర
ఆ పచ్చ జాకెట్టు కుచ్చులు విప్పి
లోపల అస్తరు వేశాను.
బయటికి కనపడదు.
చెయ్యి పెట్టినవాళ్లకే తెలుస్తుంది.

తొడుక్కుని చెయ్యి పెట్టింది.
చాలాసేపు తియ్యలేదు.
కుట్టుకూలి ఎనభై, ఉన్నవి అరవై.
మిగతా ఇరవై మూడు వారాల తర్వాత
నేను మర్చిపోయాక తెచ్చిచ్చింది,
పచ్చ అస్తరు లోంచే తీసి.

ఆ వారమే ఇంకో అమ్మాయి వచ్చింది.
"రేడియోల కొట్లో పిల్ల కోటులాంటిది కుట్టు."
గుడ్డ తెచ్చుకో, కుడతాను అన్నాను.
ఆమె వెళ్లాక అద్దం తుడుస్తుంటే
అందులో ఒక ముసలాడు.
ఒంటి మీద ఎవరో తీసుకెళ్లకుండా వదిలేసిన చొక్కా,
కాళ్లకి కొలత తప్పి మిగిలిపోయిన ప్యాంటు.
సంతంతటికీ నప్పేది చెప్పే నేను
ఇన్నేళ్లలో ఒక్క గుండీ కూడా
నా కోసం ఎంచుకోలేదు.

సాయంత్రం మిషనుకి గోనె కప్పి
చివరి గుట్ట దగ్గరికి నడిచాను.
చేతిలో ఆ ఇరవై, ఇంకో వంద.
"ఏం కావాలి ముతీస్యా,
చీకటి పడుతోంది" అన్నాడు అమ్మేవాడు.

"ఉండవయ్యా" అన్నాను,
నీలం చొక్కా ఒకటి పక్కకి పెడుతూ.
కాసేపాగి
మళ్లీ దాన్నే చేతిలోకి తీసుకున్నాను.