అమ్మ కాలివేళ్లు

మౌన్ కాలేజీలో సెబినా మాస్టారు
కలువ కాడని బ్లేడుతో అడ్డంగా కోసి
బెంచీ మీద పెట్టాడు.
లోపల పెద్ద సొరంగాలు, చుట్టూ సన్నవి.
"గాలి గొట్టాలు. రాసుకోండి."

నేను రాసుకోలేదు.
సెరొంగాలో, నాకు పాలపళ్లు ఊడే వయసులో,
ఆ గొట్టం ఒక కొస నీళ్లలో ముంచి
రెండో కొస నుంచి ఊదేదాన్ని.
బుడబుడా పొంగేవి మాటలు.
మా అన్న ఒఫెంట్సే వాటిని మొసలి భాష అనేవాడు.

అమ్మ నడుముదాకా దిగేది.
గౌను అంచు పళ్ల మధ్య,
చూపు ఎక్కడో జమ్ములో, నీటిగుర్రం కదిలిన చప్పుడు మీద.
పనంతా కాలివేళ్లదే.
చీకటి బురదలో తడిమి తడిమి
త్స్వీ దుంపని మడమతో పెకలించి
పైకి వదిలేది.
అది తేలుతూ వచ్చేది, ఈదడం మర్చిపోయిన తాతలా.

ఆకుకి అడుగున ముక్కు లేదట.
ముక్కులన్నీ మేడమీదే, ఎండ తగిలే చోట.
అక్కడ పీల్చిన గాలి
కాడ వెంట మెట్లు దిగి
ఊపిరాడని బురదలో దుంపకి చేరుతుందట,
పొలానికి సద్దిమూట వెళ్లినట్టు.
ఆకు మీద మైనం పూత.
వాన చినుకు దాని మీద కాలు నిలవక
జారి పడుతుంది.

మాస్టారు చెప్పనిది ఒకటుంది.
కాడ ఎప్పుడూ లోతు కంటే మూరెడు ఎక్కువే పెరుగుతుంది.
"పడవని బిగించి కట్టకే," అమ్మ తిట్టేది,
"రాత్రికి వరదొస్తే మునిగేది పడవే. తాడు వదులు."
ఆ మూరెడు వదులే కలువ బతుకు.

గంట కొట్టేసరికి
బెంచీ మీద కాడ వాలిపోయింది,
తడి గుడ్డపీలికలా.
దానికి ఎముక లేదు. ఇన్నాళ్లూ
నిలబెట్టింది నీళ్లే.
అమ్మ ఒక్కసారి మౌన్ వచ్చింది.
తారురోడ్డు మీద
ఒక్కో అడుగూ అడిగి అడిగి వేసింది.
నా స్నేహితురాలు నవ్వింది. నేనూ,
కొంచెం.

ఆ ఏడు అంగోలా కొండల్లో వాన లేదు.
కాలువ పగిలి పెంకులైంది.
అమ్మ పారతో ఒకచోట గీకి చూసింది.
పిడికిలంత దుంప, నల్లగా, పొడిగా.
ఆకలి ఇంట్లోనే ఉంది, అయినా
మన్ను కప్పి మెల్లిగా తట్టింది.
"పడుకుంది. లేపకు."

నిన్న రాత్రి అన్న ఫోను చేశాడు.
మబ్బు తునక లేదు, చలిగాలి,
ఎక్కడో ఎప్పుడో కురిసిన వాన
ఇసుక మీద నాలుకలా పాకుతూ వచ్చిందట.
పిల్లలు దాని ముందు వెనక్కి నడిచారట.
"అమ్మేదీ?"
"దిగింది. చీలమండ దాకానే ఉన్నాయి నీళ్లు.
చలికి వణుకుతోంది, రమ్మంటే రాదు.
నిలబడి
వేళ్లు కదుపుతోంది."