హంస పడవ

ఐదు నెలలు తాటాకుల కింద పడుకున్న పడవ,
దానికి నీళ్లు గుర్తున్నాయో లేదో.
హంస మెడకి కొత్త తెలుపు వేశా,
ముక్కుకి ఎరుపు చాలక చివర పసుపుతో సర్దా.
జాకెట్లు ఎండేసి లెక్కపెట్టి
"రేపు కార్తీక ఆదివారం,
నెల్లూరు నించి బస్సులో పిల్లకాయలొస్తారు" అని
ఇసకపల్లి ఉప్పుకాలవ గట్టంతా చెప్పుకున్నా కూడా.

తాడు లాగా.
మోటారు ఒకసారి దగ్గి
అటు తిరిగి పడుకుంది.

రెండు. మూడు.
ప్లగ్గు విప్పి చొక్కాకి తుడిచా, నోటితో ఊదా.
పెట్రోలు పైపుని ఎలక కొరికిన చోట
సైకిలు ట్యూబు ముక్క చుట్టా.
ఆరు. ఏడు.
ఎనిమిదోసారి నేను లాగలేదు, తాడే నన్ను లాగింది.
గట్టు మీద ఎంగమ్మత్త:
"తెడ్డేసిన చెయ్యి గదరా, తాడుకే అలిసిందా?"

అల్లూరు నించి మోపెడ్ మీద కాలేషా వచ్చాడు.
స్పానరు తియ్యలేదు.
పొగగొట్టానికి చెవి ఆనించి కాసేపు విన్నాడు.
పుల్లతో లోపల గీకితే
ఎండిన మట్టి రాలింది:
కుమ్మరి పురుగు కట్టిన ఇల్లు,
గదికొక పచ్చ పురుగు, ఇంకా మెత్తగానే.
"నువ్వు రాలేదని అద్దెకి దిగిందిలే."
వంద ఇస్తే
యాభై వెనక్కిచ్చాడు.

తొమ్మిదోసారికి నీలం పొగ.
కాలవ మీద కొంగలన్నీ లేచాయి,
హంస మెడ ఊగి
ఆరని ఎరుపు నా మోచేతికి అంటింది.

ఒక చుట్టు తిరిగొచ్చి చూస్తే
కాళ్ల కింద నీళ్లు, చీలమండ దాకా.
అడుగున బిరడా పెట్టడం మరిచా.

ఎంగమ్మత్త ఈసారి ఏమీ అనలేదు.
చెంబు విసిరింది.